అక్క జడ, నా రెండో ముక్క

కొబ్బరినూనెలో కరివేపాకు చిటపటలాడే వాసన వస్తే నా గొంతులో చేపముల్లు అడ్డం పడినట్టవుతుంది. మా కోడంబాక్కం ఇంట్లో ఈమధ్య రోజూ అదే వాసన. మనవరాలు మాంసం, గుడ్లు, పాలు మానేసింది. దువ్వెన నిండా జుట్టు వస్తోందని నూనె కాస్తోంది.

నా చిన్నప్పుడు పెరంబూరు రైల్వే క్వార్టర్సులో మా అక్క జడ మోకాళ్లు దాటేది, దువ్వడానికి ఇద్దరు కావలసి వచ్చేది. సరే, నడుము దాటేది, అమ్మ ఒక్కతే దువ్వేది. ఎండాకాలం మల్లెలు దిగగానే ఆడపిల్లలకు పూలజడ కుట్టి, వెనక అద్దం పెట్టి ఫోటో తీయించేవాళ్లు; మరుసటి ఏడు అక్క వంతు. ఆదివారాలు మట్టిదాకలో మామిడికాయ ముక్కలేసి అమ్మ వంజరం చేపల పులుసు కాస్తే వీధి చివరిదాకా ఘుమఘుమలే. మనిషికొక ముక్క. నాకు చాలేది కాదు.

ఒకరోజు మామతో సినిమా స్టూడియోకు పోయొచ్చి అక్కకు కోతలు కోశాను.

"హీరోయిన్ని చూసినానక్కా. జడ నేలమీద ఈడ్చుకుంటా పోతాంది."

"ఏం తింటాదిరా ఆమె?"

"ఆకుకూర, చారన్నం. చేప, గుడ్డు, పప్పు ఏదీ ముట్టదంట. అమ్మతోడు."

నిజానికి కావలివాడు మమ్మల్ని గేటు దగ్గరే తరిమేశాడు. పప్పు ఎందుకు కలిపానో, నోటికొచ్చింది, అంతే.

అక్క నమ్మి అవన్నీ మానేసింది. అమ్మ చారు తేవడానికి లేవగానే అక్క చేపముక్క నా పళ్లెంలోకి వచ్చేది. వానలు పోయి మళ్లీ మల్లెలొచ్చేసరికి జడ ఎలుకతోకైంది. అది సన్నబడటం చూస్తూనే తిన్నాను. పూలజడకు అమ్మ సవరం కొనుక్కొచ్చింది. ఫోటోలో అద్దం నిండా పూలే. అక్క ముఖంలో మాత్రం నవ్వు లేదు.

మొన్న డాక్టరమ్మ మనవరాలితో అంది: "ఆకుకూరల తప్పేం లేదమ్మా. మాంసం మానినవాళ్లు పప్పులూ శనగలూ బాగా తినాలి. ఒంట్లో ఇనుము తగ్గినా జుట్టు రాలుతుంది, రక్తపరీక్ష చేయించు." పక్క కుర్చీలో నేను తల వంచుకున్నాను.

నిన్న అక్క వచ్చింది, తలవెనక ఉసిరికాయంత తెల్లముడితో, చేతిలో పులుసు గిన్నెతో.

"మీ తాత మంచోడే. నేను చేప మానేస్తే, అమ్మ తిడతాదని నా ముక్క గూడా గుట్టుగా వాడే తినేసేవాడు."

"చుమ్మా కతలు చెప్పకు అవ్వా, తాత అంత మంచోడా?" అని మనవరాలు నవ్వింది.

చెప్పేద్దామని నోరు తెరిచాను. అక్క ఈలోగా నా పళ్లెంలో రెండు ముక్కలు వేసింది. "తినరా. ఒకటి నీకు చాలదు గదా."

ఆ మట్టిదాక లేదు, అమ్మ లేదు, ఆ జడ లేదు. మొదటి ముక్క ఎలాగో మింగాను. రెండోదాన్ని నోట్లో పెట్టుకోకుండా అన్నంలో కలుపుతూ కూర్చున్నాను, అక్క చేయి కడుక్కుని వచ్చేదాకా.