కొట్టు మొలిచిన పెరడు

డిగ్రీ చేతికొచ్చి, దాంతో ఏం చెయ్యాలో తోచని ఆ రోజుల్లో నాకు పని కంటే పని గురించి ఊహించుకోవడమే ఎక్కువ ఇష్టంగా ఉండేది (ఇప్పటికీ అంతేనంటుంది మా ఆవిడ). శృంగవరపుకోటలో మా ఇంటి ముందు భాగం నాన్న కిరాణా కొట్టు, వెనక ఖాళీ పెరడు. మాఘమాసం పొద్దుల్లో కొండల మీంచి దిగిన మంచు మా పెరటి గోడ దాకా వచ్చి ఆగిపోయేది. వెనక గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని కూర్చుని, ఆ మంచులో లేని పాదుల్నీ లేని పందిళ్లనీ చూస్తూ ఉండేవాణ్ణి. టీ చల్లారిపోయేది. అలాంటి చోట సరుకు మూటల కోసం రేకుల షెడ్డు వేస్తానని నాన్న ఒకరోజు అనేసరికి నా ప్రాణం ఉసూరుమంది.

"అక్కడ కూరగాయలు ఏస్తాను నాన్నా" అన్నాను. నాన్న కాటా మీంచి తలెత్తలేదు. "సరే, ఎయ్యి. ఎండలు ముదిరేలోగా ఆ పెరట్లోంచి ఇంటికి ఒక పూట కూర రావాల. రాపోతే షెడ్డు ఏసేస్తాను, మరి నాతో మాట్లాడకూడదు." నాన్న అన్నంత పనీ చేసే మనిషి. అందుకే భయం వేసింది.

పక్కింటివాళ్ల పలుగు అడిగి తెచ్చి నేలంతా తవ్వాను. అరచేతులు బొబ్బలెక్కాయి. పెళ్లలు చితక్కొట్టి, రాళ్లు ఏరి, మడి కట్టాను. ఇక ఎరువు కావాలి. మాది వ్యాపారస్తుల ఇల్లు, గొడ్డూ లేదు, పేడా లేదు. కానీ పెరటి మూల, కొట్టు ఊడ్చిన చెత్త ఏళ్ల తరబడి పోసిన గుట్ట ఒకటుంది. నల్లగా, మెత్తగా, ధనియాల వాసన వేస్తూ ఉండేది. ఇంతకంటే బలమైన ఎరువు ఉంటుందా అనుకుని గుట్టంతా మట్టిలో కలిపేసి, బెండ గింజలు చల్లి (వరసలు పెట్టాలని నాకెవరు చెప్పారు), నీళ్లు పోశాను.

మడి మొలిచింది. మొలవడమంటే అలా ఇలా కాదు, నేల కనిపించకుండా మొలిచింది. నా చేతిలో ఇంత చలవ ఉందని నాకే తెలియదు. పొద్దున్నా సాయంత్రమూ గట్టు మీద కూర్చుని, వీధి వీధంతా మా బెండకాయలు వండుకుంటున్నట్టు కలలు కన్నాను. ఆ పచ్చదనంలో అక్కడక్కడా గుంపులో కలవని మొక్కలు కొన్ని కనిపిస్తే, కలుపని పీకి గోడవతల పారేశాను.

ఓ మధ్యాహ్నం బట్టలారేయడానికి వచ్చిన అమ్మ ఒక ఆకు తుంచి నమిలింది. "ఒరే, ఇది మెంతాకురా" అంది. నేను నమ్మలేదు. అమ్మ నాన్నని పిలిచింది. పెరట్లోకి ఎప్పుడూ రాని నాన్న కళ్లజోడు సర్దుకుని మడి చుట్టూ తిరుగుతూ, బస్తాలు విప్పి చూస్తున్నట్టు చెప్పుకుపోయాడు. "ఇవి పెసలు. ఇవి ఆవాలు. అవి అంబలి కాసే సోళ్లు. ఆ మూలవి ధనియాలు, మొన్న సిరిగిపోయిన బస్తావి. మరి నీ బెండలేవిరా?"

పీకి పారేసిన మొక్కల సంగతి చెప్పాను. అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం అప్పుడే పెరట్లో రేకులు దించుతున్న చప్పుడు వినిపించింది.

ఆ రాత్రి మెంతికూర పప్పు. నాన్న మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని అన్నాడు. "సరుకు నా కొట్టుదే. అయితే ఒక పూట కూరన్నాను గాని, ఏ కూరో నాను సెప్పనేదు. మూటలు నీ గదిలో ఏయిస్తాను, నువ్వు వసారాలో పడుకో."

మర్నాడు సాయంత్రం బేరాలు లేని వేళ నాన్న మళ్లీ పెరట్లోకి వచ్చాడు. "ఏటి సేస్తన్నావు?" అన్నాడు. "ఏటీ నేదు నాన్నా. సూస్తన్నాను." కాసేపు నిలబడి, లుంగీ ఎత్తి కట్టి, గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. "సరే, నానూ సూస్తాను" అన్నాడు. చీకటి పడేదాకా ఇద్దరం ఆ మడినే చూస్తూ కూర్చున్నాం.

ఇప్పుడు కొట్టు నాది. ఏ మొక్క ఏదో రెండాకుల్లోనే చెప్పేస్తాను. అంతసేపు ఊరికే కూర్చుని చూసిన ఆ కుర్రాడే ఎటు పోయాడో తెలియడం లేదు.