బంతికి అంటిన బూడిద

ఫలానా ఆటగాణ్ణి ఫలానా జట్టు వదులుకోకపోయి ఉంటే బేస్‌బాల్ చరిత్ర ఎలా ఉండేదని అమెరికావాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఫోన్లో ఆ వీడియోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మా టెక్కలి మ్యాచ్ గురించి అలా వాదించేవాళ్లు ఒక్కరూ లేరు.

హైస్కూల్ బేస్‌బాల్ జట్టులో మా మేనమామ కూతురు బంతి విసిరేది, నేను పట్టేదాన్ని. టెక్కలిలో జరిగిన జిల్లా ఫైనల్లో గెలుపు దాకా వచ్చేశాం. ఎండకి దాని చెయ్యి చెమట పట్టి బంతి జారిపోతోంది. కాశీబుగ్గలో జీడిపిక్కలు కొట్టే ఇంటి పిల్ల కదా, చర్మం కాల్చే సొన అంటకుండా చేతులకి బూడిద రాసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. విరామంలో టీ బడ్డీ పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి పులుముకుంది. బంతి మీద మరక చూసి అంపైర్ మోసమన్నాడు, మా మరదల్ని బయటికి పంపేశాడు. మేం ఓడిపోయాం. అది మళ్లీ బంతి ముట్టలేదు.

మొన్న మా ఇంటికొస్తే అమెరికా మ్యాచ్ ఒకటి చూపించాను. బంతి విసిరేవాడు తన వెనక నేలమీదున్న చిన్న సంచీ తీసి అరచేతిలో తట్టుకున్నాడు. తెల్లగా పొడి రేగింది. అంపైర్ చూసి కూడా ఆట ఆపలేదు.

"ఏటది ఒదినా?" అంది.

"సెయ్యి జారకుండా రాసుకునే పొడి. రూల్సులోనే ఉందంట."

సొనకి నల్లబడిన తన వేళ్లకేసి అది చూసుకుంది.

"మరైతే ఆ రోజు మనకి ఆ సంచీ ఎవులూ ఇవ్వనేదేటి ఒదినా?"