కన్నడంలో అరిచాను

ఆ రోజు తప్పు నాది, తిట్లు తిన్నది బంతి వేసే మా పిచ్చర్ రేణుక.

ఏ బేస్‌బాల్ జట్టులోనూ రెండేళ్లు నిలవని పిచ్చర్‌ని నేను. ఇప్పుడు ఎమ్మిగనూరులో ఆడపిల్లలకు కోచ్‌ని. జిల్లా ఎంపికకు రేణుక పేరు పంపాలనుకుంటుండగా ఆదోనిలో మ్యాచ్ వచ్చింది. ఎదుటి జట్టుకు అర్థం కాకూడదని, బళ్లారిలో ఆడినప్పుడు నేర్చుకున్న కన్నడంలో అరిచాను; ఆ మాటలు రేణుకకు ముందే నేర్పాను. "కెళగె హాకు" అంటే కిందికి, "మ్యాలె హాకు" అంటే పైకి వేయాలి. రేణుక చెప్పినట్టే వేసింది. ఆదోని పిల్ల ప్రతి బంతినీ బాదింది.

"చేతులుండాయా లేవా నీకి? జిల్లాకు నీ పేరు పంపేదే లేదు పో!" అని అందరి ముందూ కసిరాను. రేణుక కళ్లు తుడుచుకుంది.

బ్యాటు పట్టుకున్న పిల్ల పకపకా నవ్వింది. "ఆ యక్కనెందుకు తిడతారు సార్? మా ఇంట్లో మాట్లాడేదే కన్నడం. మీరు సెప్తాండారు, నేను కొడతాండా!"

మైదానమంతా నవ్వింది. ఆదోనిలో కన్నడం రానివాళ్లు ఎవరని ఒక్క క్షణం ఆలోచించలేదు నేను.

మ్యాచ్ ఓడిపోయాక రెండు జట్ల ముందూ రేణుకను క్షమించమని అడిగి, అక్కడే జిల్లా ఎంపికకు ఆమె పేరు రాశాను.

"అట్లయితే సెలెక్షన్ పొద్దు మీరు గమ్మునుండాల సార్" అంది రేణుక.

గమ్మునే కూర్చున్నాను. రేణుక ఎంపికైంది.