చిటికె

డిప్రెషన్‌తో ఏడాది సెలవులో ఉండి, కొత్తవలస ఆఫీసులో మళ్ళీ చేరాక, మా హెడ్ క్లర్కు రోజూ నా మొహం ముందు చిటికె వేసి, "ఒరే, ఉన్నావేటి?" అని ఇకిలించేవాడు. గురువారం విజయనగరంలో కౌన్సెలింగుకి పర్మిషన్ అడిగితే, "కబుర్లకి అంత దూరమెందుకురా? నా కాడ కూకో, నాను సెప్తాను" అనేవాడు. నేను నోరు విప్పితే మాత్రం ఫోను తీసేవాడు.

కౌన్సెలర్ గారు ప్రతివారం "మీకేమనిపిస్తోంది?" అని అడిగేవారు. నెలల తరబడి నా జవాబు ఒకటే: "ఏమీ లేదండి."

హెడ్ క్లర్కు తన రిటైర్మెంటు సభలో నన్ను లేపి నిలబెట్టి, "ఈడ్ని నానే బాగుసేసేను!" అంటూ మైకు దగ్గర చిటికె వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ గురువారం కౌన్సెలర్ గారు అడగకముందే, మొదటి చిటికె నుంచి జరిగిందంతా చెప్పి, "ఆ మనిషంటే నాకు అసహ్యమండి!" అని అరిచాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నవ్వారు.

"అయితే, ఉన్నారన్నమాట."