పార్కుకు ఎదురుగా ఒక్కటే ఇల్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ భూమ్మీద ఏదీ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు, మా కాలనీకి వాట్సాప్ గ్రూపు, అందులో పొద్దున్నే వచ్చే దేవుడి బొమ్మలు అన్నీ ఉన్న రోజులే. డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి, తిరుపతిలోనే ఇంటి పన్నులు చూసే ఆఫీసులో కొత్తగా చేరాను. మెడలో వేసుకున్న గుర్తింపు కార్డు ఇంటికొచ్చాక కూడా తీసేదాన్ని కాదు (ఒకరోజు అది పప్పులో మునిగితే అమ్మ, కార్డునీ నన్నూ కలిపి తిట్టింది). ఇప్పుడు తలచుకుంటే ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, కాస్త నెమ్మదించు తల్లీ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినే రకం కాదు లెండి.

మా కాలనీ ఊరి చివర ఉంటుంది. మా వీధిలో ఇళ్లన్నీ ఒకే వరుస. ఇళ్ల ముందు రోడ్డు, రోడ్డు దాటితే పార్కు. కానుగ చెట్లు, గన్నేరు పొదలు, నాలుగు సిమెంటు బెంచీలు, పిల్లలకు ఒక ఉయ్యాల, చుట్టూ నడవడానికి ఒక బాట, రోడ్డు పొడుగునా రెండు పక్కలా మొక్కలు. నాటించడం వరకు ఆఫీసువాళ్లు నాటించారు గానీ, నీళ్లు పోసే మనిషికి జీతమెవరివ్వాలి, మోటారుకు కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్న దగ్గర పని ఆగిపోయింది. ఎండలు ముదిరాయి. గడ్డి పచ్చదనం పోయి కొబ్బరిపీచులా తయారైంది. అప్పుడు మా పెద్దసారు నన్ను పిలిచి, "కాలనీవాళ్లు ఇంటి పన్నుతో పాటు పార్కు వాటా కూడా కడితే పార్కు పార్కుగా ఉంటుందమ్మా. కట్టకపోతే, ఆ జాగాను కొండకు వచ్చేవాళ్ల బండ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామంటున్నారు పైవాళ్లు" అన్నారు. ఆ పార్కు మా నాయనకు ప్రాణం.

మా నాయన తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు నడిపి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోవడం చేతకాక (అమ్మకేమో ఆయన కూర్చుంటే చూడడం చేతకాక) సాయంత్రాలన్నీ పార్కులోనే గడిపేవాడు. ఇంటి కుళాయి నుంచి బిందెతో నీళ్లు మోసుకెళ్లి కానుగ మొక్కలకు పోసేవాడు. ఎందుకు నాయనా ఈ మోత అని అడిగితే, "అన్నేండ్లు అడివిలోనే బండి తిప్పినానమ్మా. ఒక్క చెట్టునన్నా నిలబడి సూసిందిల్యా. సూస్తే బండి లోయలో ఉంటాది. ఇబుడన్నా సూడనీ" అనేవాడు.

అందుకే సారు, "వాటాలు ఎట్లా వేయాలో నువ్వే రాసుకురా, మీ కాలనీయే గదా" అనగానే ఎగిరి గంతేశాను. రాత్రంతా కూర్చుని ఒక నిబంధన తయారు చేశాను. పార్కు ఎవరి ఇంటికి ఎదురుగా ఉంటే గాలీ నీడా వాళ్లవే గనుక, పార్కు వైపు సింహద్వారం ఉన్న ప్రతి ఇల్లూ, పార్కు ఖర్చు మొత్తాన్ని ఇంటి ముందు వెడల్పును బట్టి పంచుకుని కట్టాలి. చూశారా, ఎంత న్యాయంగా ఉందో! సారు చదివి కళ్లద్దాలు తీసి నన్ను చూశారు. ఆయన మెచ్చుకుంటున్నారనుకున్నాను. ఆయన కంట్లో నలుసు పడిందని తర్వాత తెలిసింది.

కాలనీ మీటింగు పార్కులోనే పెట్టారు, పెద్దసారూ వచ్చారు. అధ్యక్షుడు చివరింటి బెల్లం మామ. చిత్తూరు నుంచి బెల్లం తెచ్చి హోల్‌సేలుగా అమ్మే ఆయనకు మా వీధిలో అందరికన్నా పెద్ద ఇల్లూ, అందరికన్నా పెద్ద గొంతూ ఉండేవి. నేను లేచి నిబంధన చదివాను. చదవడం పూర్తయ్యేలోపే చప్పట్లు. "మంచిగా రాసినావు పాపా! మాకందరికీ సమ్మతమే! రాసుకోండి సారూ, సమ్మతమే!" అని బెల్లం మామ తీర్మానం చేయించేశాడు. చెత్తబండి ఏ వేళకు రావాలో ఏడాదిగా తేల్చుకోలేని కాలనీ, డబ్బు కట్టే విషయాన్ని ఒక్క నిమిషంలో ఒప్పుకుందంటే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు. అంతా నా రాత మహిమ అనుకుని, ఆ సాయంత్రం కార్డును ఇంకాస్త పైకి కనపడేలా వేసుకుని తిరిగాను.

నోటీసులు వెళ్లాయి. వారం తిరక్కుండా జవాబులు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట: మా సింహద్వారం ఉత్తరం వైపు ఉన్నది, కావున పార్కు వాటా మాకు వర్తించదు.

ఇక్కడ మా వీధి కథ కొంచెం చెప్పాలి. పార్కు మా ఇళ్లకు దక్షిణాన ఉంది. కట్టినప్పుడు అందరూ ముఖద్వారాలు దక్షిణానికే, పార్కుకు ఎదురుగానే పెట్టారు. ఒక సంవత్సరం బెల్లం మామకు వ్యాపారంలో నష్టం వస్తే, వాస్తు చూసే సిద్ధాంతి ఒకాయన వచ్చి, దక్షిణ ద్వారం మూసి ఉత్తరాన తెరవమన్నాడు. మామ అట్లాగే చేశాడు. పండగల ముందు బెల్లం ధర పెరిగింది (ప్రతి ఏడూ పెరుగుతుంది, కానీ ఆ ఏడు మాత్రం తలుపు వల్ల పెరిగింది). అంతే, వరుసలో ఒక్కొక్క ఇల్లూ పార్కు వైపు తలుపుకు తాళం వేసి, వెనక సందులోకి తలుపు తెరుచుకుంది. తులసికోట, ముగ్గు, చెప్పులు, కాలింగ్ బెల్లు అన్నీ సందులోకి వెళ్లిపోయాయి. ఇదంతా నేను పుట్టి పెరిగిన వీధి. రోజూ ఆ తాళాల ముందు నుంచే ఆఫీసుకు పోయేదాన్ని. అయినా ఇళ్ల ప్లాన్లలో ద్వారం దక్షిణమని ఉంటే, దక్షిణమే అని రాసుకున్నాను. కాగితం మీద అంత నమ్మకం.

చివరి ఆశగా మా వీధి టైలర్ భాయ్ దగ్గరికి పరిగెత్తాను. వాళ్లకు వాస్తు పట్టింపు లేదు కదా! ఆయన సందు వైపు వాకిట్లో మిషను తొక్కుతూ, "వాస్తు గీస్తు మాకేం లేదు బేటీ. వీధంతా ఈ సందులోనే తిరగతాంటే గిరాకీ కూడా ఈడనే గదమ్మా. ఆ పక్క తలుపు తీసి నేను ఎవురికి కుట్టేది, చెట్లకా?" అన్నాడు.

అట్లా లెక్క తేలిస్తే, పార్కుకు ఎదురుగా సింహద్వారం ఉన్న ఇల్లు వీధి మొత్తానికి ఒక్కటే మిగిలింది. మాది. సిద్ధాంతి మా ఇంటికీ వచ్చాడు గానీ నాయన ఆయనకు మజ్జిగిచ్చి, "సామీ, కొండెక్కేటబుడు బస్సు గడియకొక దిక్కుకు తిరగతాది. దచ్చిణం వచ్చింది గదాని స్టీరింగు వదిలేస్తామా?" అని పంపించేశాడు. ఆ మజ్జిగ ఫలితంగా పార్కు మొత్తం భారం మా నెత్తిన పడింది.

నోటీసు మా ఇంటికి వచ్చిన రోజు అమ్మ వంటింట్లో గిన్నెలతో మాట్లాడింది. "కడుపున పుట్టింది ఉద్యోగం జేసి సాకతాదనుకుంటే, ఇంటికే పన్నేసుకోని వచ్చిందే!" నేను ఏడుస్తూ పెద్దసారు దగ్గరికి పోయి, నిబంధన మార్చండి సార్ అన్నాను. "తీర్మానమైపోయింది గదమ్మా. మళ్లీ మీటింగు పెడితే వీళ్లు ఎప్పుడు తేలుస్తారు? ఈలోగా బండ్ల స్టాండుకు ఆర్డరు వచ్చేస్తుంది. ఈ విడతకు ఎవరో ఒకరు కట్టాల, లేకపోతే పార్కు పోతుంది" అన్నారు. ఇంటికొచ్చి నాయన ముందు తలొంచుకుని నిలబడ్డాను. ఆయన నోటీసును రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అంటే, పార్కుకు ముందర మన ఇల్లొకటే ఉండాదని గవుర్మెంటే రాసిచ్చిందన్నమాట."

"అవును నాయనా."

"అయితే కడతా. పార్కు మనదే."

పెన్షన్లో పెద్ద ముక్కే పోయింది. కానీ మర్నాటి నుంచి మా నాయన నడక మారిపోయింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తీసుకెళ్లి పార్కు గేటు లోపల వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన ప్రతి మనిషికీ లేచి నమస్కారం. "రండి రండి, మన పార్కే, మొగమాటపడొద్దండి. ఆ బెంచీ నీడలో ఉండాది, ఆడ కూసోండి. ఇంట్లో అందరూ బాగుండారా?" పెళ్లివారిని ఆహ్వానించినట్టు ఆహ్వానించేవాడు. ఎవరైనా బాటకు అడ్డంగా నిలబడి కబుర్లు చెబుతుంటే, "లోపలికి జరగండప్పా, లోపలికి, ముందర ఖాళీ ఉండాది" అని పాత అలవాటు కూడా బయటపడేది. నేనైతే సిగ్గుతో చచ్చిపోయి, ఆఫీసుకు వెనక సందులోంచి వెళ్లడం మొదలుపెట్టాను.

తిడితే పడతారేమో గానీ, ఇంత మర్యాద ఎవరు భరించగలరు చెప్పండి! అందరికన్నా ఎక్కువ బాధపడింది బెల్లం మామ. పొద్దున్నే బనియను మీద నడకకు వస్తే, మా నాయన లేచి, "ఏం బావా, ఇంకో రెండు రౌండ్లు ఎక్కువేసుకో. నేనేమీ అనుకోను" అనేవాడు. మామ ముఖం పాకం ముదిరినట్టు అయ్యేది. రోషమొచ్చి మూడు రోజులు మెయిన్ రోడ్డు మీద నడిచాడు. ఒకరోజు లారీ హారనుకు ఉలిక్కిపడి కాలువలో కాలు పెట్టాడు. మూడోరోజు ఒక ఆవు ఆయన్ని మా వీధి మొదటి దాకా తరిమింది. ఆయాసపడుతూ పార్కులోకి వచ్చిపడితే నాయన కుర్చీ ఖాళీ చేసి ఇచ్చి, "నీ ఇల్లనుకో బావా" అన్నాడు.

ముందు లొంగింది టైలర్ భాయ్. ఒక సాయంత్రం మా ఇంటికొచ్చి, "అన్నా, మా పిల్లోళ్లు అడగతాండారు, ఆ తాతను అడక్కుండా ఉయ్యాల ఊగొచ్చునా అని. నా వాటా రాసుకో బేటీ" అన్నాడు. మరుసటి రోజే పార్కు వైపు తలుపు తీసి బోర్డు అటు తగిలించాడు. నడకకు వచ్చేవాళ్లు చొక్కాలకు కొలతలిచ్చి, రౌండ్లు పూర్తయ్యాక ఇంటికిపోతూ రేటు బేరమాడడం మొదలైంది.

ఇంకో వారానికి బెల్లం మామ కొడుకును చూడడానికి గూడూరు నుంచి పెళ్లివారు వచ్చారు. సాయంత్రం చల్లగాలికి అందరూ పార్కులోకి వచ్చారు. మా నాయన ఊరుకుంటాడా! ఎదురెళ్లి, అందరికీ చేతులు జోడించి, అమ్మ చేత కాఫీలు తెప్పించాడు. పెళ్లికూతురి తండ్రి చుట్టూ చూసి, "ఇంత తోట పెట్టుకున్నారు, మీదేనా అండీ?" అని మామను అడిగాడు. మామ నోరు తెరిచేలోగా మా నాయన వినయంగా, "తోట మాదేనండి. మా బావ మాత్రం పరాయోడా? రోజూ వస్తాంటాడు" అన్నాడు. మామ కాఫీ తాగకుండానే గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు.

మర్నాడు తెల్లవారీ తెల్లవారక ముందే మామ ఇంటి నుంచి సుత్తి దెబ్బలు. వడ్రంగిని పిలిపించి దక్షిణం తలుపు తీయిస్తున్నాడు. గడియ తుప్పు పట్టి కదల్లేదు. లోపల బెల్లం బస్తాలు, పాత మంచం, పని చేయని గ్రైండరు అడ్డం. అన్నీ జరిపి, నలుగురు తోస్తే, ధడేలుమని తలుపు తెరుచుకుని మామ పార్కు వైపు మెట్ల మీద వచ్చి పడ్డాడు. వెనకే అత్త వచ్చి గడపలో నిలబడి, చెట్ల మీదుగా వచ్చిన గాలికి కళ్లు మూసుకుని, "ఇన్నేండ్లు ఈ గాలికి తాళమేసి, లోపల ఫ్యాను కింద కూసున్యాము గదయ్యా" అంది. పడిన మనిషిని లేపాలన్న సంగతి ఆమెకు కాసేపటిదాకా గుర్తు రాలేదు.

సిద్ధాంతి మళ్లీ వచ్చాడు. దక్షిణ ద్వారానికి ఎదురుగా పచ్చని చెట్లుంటే దోషం పోతుందని, చెట్లు ఎండితే మాత్రం తనకు సంబంధం లేదని తేల్చిచెప్పాడు. ఇంకేముంది! నెల తిరిగేసరికి వీధి వరుసలో తాళాలన్నీ ఊడాయి. ముందు మాకు పార్కు వైపు ముఖమే లేదన్నవాళ్లు ఇప్పుడు నా కొలత టేపు పట్టుకుని వెంటపడ్డారు. బెల్లం మామైతే, "సూడు పాపా, పక్కింటోని కన్నా మా ఇల్లు జానెడు తక్కువ రాసినావు. సరిగ్గా కొలువు. ఎక్కువ కట్టేది నేనే!" అని రోడ్డు మీద గొడవకు దిగాడు. ఇంటి ముందు మొక్క వాడితే కాలనీ గ్రూపులో దేవుడి బొమ్మల కన్నా ముందు దాని ఫొటో వచ్చేది. ఇక బండ్ల స్టాండు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పెద్దసారు ఇతర కాలనీలకు కూడా నా నిబంధననే పంపించారు. నేను మాత్రం ప్రతి వీధికీ ముందు వెళ్లి, తలుపులు ఎటు తెరుచుకుంటున్నాయో చూసి వచ్చేదాన్ని. ఇప్పటికీ అంతే.

వాటాలన్నీ కుదిరిన సాయంత్రం నాయన కుర్చీ భుజానికి తగిలించుకుని ఇంటికి వచ్చేశాడు. "ఎంత ఉపాయం పన్నినావు నాయనా! మర్యాదతోనే వాళ్లందర్నీ దారికి తెచ్చినావు" అన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు.

"ఉపాయమేందమ్మా? నేను నిజంగా నాదే అనుకున్యా." కుర్చీ గోడకు ఆనించి మెట్టు మీద కూర్చున్నాడు. "బాగుండె ఆ నెల."

నేనూ ఆయన పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. మా నాయనలాంటి నాయన ఇంకెవరికీ లేడని ఆ పూట నాకు అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

ఇప్పుడు నేను చిత్తూరులో పనిచేస్తున్నాను. మొన్న సెలవుకు వెళ్లినప్పుడు, నాయనతో పాటు పార్కుకు వెళ్లి, దగ్గరదారి గదాని గడ్డి మీద అడ్డంపడి నడిచాను. వెంటనే బెంచీ మీద నుంచి ఒక కేక. వీధిలోకి కొత్తగా ఇల్లు కొనుక్కుని వచ్చినావిడట. "ఏమ్మా, గడ్డి తొక్కతాండావే! యాడిదానివి నువ్వు? దీనికి మేము ఇంటింటికీ వాటాలు కడతాండాము, తెలుసునా?" ఆ వాటా ఎవరు పెట్టారో, ఎట్లా పెట్టారో చెప్పడానికి నోరు తెరిచాను. ఈలోగా వెనకనుంచి మా నాయన గొంతు వినిపించింది. "బాగా అడిగినావు తల్లీ. గట్టిగా చెప్పు." ఒకప్పటి కార్డు పిల్ల అయితే అక్కడే నిలబడి నిబంధన మొత్తం అప్పజెప్పేది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని, తప్పయిందమ్మా అని, గడ్డి దిగి బాట మీదికి వచ్చాను. ఆమె ఇంకా అనుమానంగా చూస్తూనే ఉంది. నాకు మాత్రం పార్కు చుట్టూ తిరిగివచ్చేదాకా నవ్వు ఆగలేదు.