కదలనిది

మునెమ్మ మొండి మనిషి. పాల కేంద్రంలో కొలత పట్టేవాడు చేయి కాస్త వంచితే అక్కడికక్కడే కడిగేసేది. తన్నే ఆవును కూడా కాళ్ళు కట్టకుండా, మాటలతోనే మంచి చేసుకుని పాలు పితికేది. చౌడేపల్లె పక్కన వాళ్ళ ఊళ్ళో ఆమె నోటికి జడవనివాళ్ళు లేరు. అంతటి మనిషి, దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడుతోందని ఏడాది పొడుగునా కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. సగం సిగ్గు, సగం భయం.

భయానికి కారణం ఆమె అన్న మారప్ప. ఆయన కడుపులో గడ్డతో పోయాడు. అది గడ్డ అని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆయనకు తప్ప. పుండు అన్నారు, మందులకు మానిపోతుందన్నారు. ఒకనాడు చెల్లెలి చేయి పట్టుకుని, "నిజం చెప్పు మునెమ్మా, నాకేమయింది?" అని అడిగాడు. ఆమె కూడా పుండనే చెప్పింది. ఆయన నమ్మాడు. వచ్చే వానలకు శెనక్కాయ యాడ వేయాలా అని ఆలోచిస్తూనే పోయాడు.

2006 ఎండాకాలంలో మునెమ్మ పాల కేంద్రం దగ్గర కళ్ళు తిరిగి పడితే, మొగుడు లక్ష్మీపతి మదనపల్లెకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ అడిగేసరికి దాచింది దాగలేదు. కింది నుంచి గొట్టం పెట్టి చూడబోతే పేగు మలుపు దగ్గర అది ముందుకు పోలేదు. కుప్పంలో పెద్దపేగుకు సీటీ స్కాన్ తీస్తారు, అందులో అంతా కనిపిస్తుంది, పొమ్మని పంపింది డాక్టరమ్మ.

కుప్పం ఆసుపత్రిలో జాగ్రత్తలు చెప్పిన నర్సు కోస్తా పిల్ల. మాట మెత్తన, మనసూ మెత్తనే.

"రేపంతా అన్నం తినకూడదండీ. నీళ్ళు, టెంకాయ నీళ్ళు, పాలు లేని టీ తాగొచ్చు. సాయంత్రం ఈ మందు కలుపుకుని తాగితే కడుపు శుభ్రమైపోతుంది. ఎల్లుండి పొద్దున వచ్చేయండి."

తల ఊపి, కుప్పంలోనే ఉన్న లక్ష్మీపతి పిన్నమ్మ కూతురు పాపక్క ఇంట్లో దిగారు. మరునాడంతా మునెమ్మ నీళ్ళ మీదే ఉంది. సాయంత్రం మందు తాగాక దొడ్డికీ ఇంట్లోకీ తిరగడంతోనే సరిపోయింది. తెల్లారేసరికి గోడ పట్టుకుంటే గానీ లేవలేకపోయింది. పాపక్క అప్పుడే సంగటి దించి ముద్దలు కడుతోంది.

"ఒక ముద్ద తినుమ్మే" అన్నాడు లక్ష్మీపతి.

"తినగూడదనింది గదా ఆ పిల్ల."

"అన్నం తినొద్దనింది. సంగటి తినొద్దని యాడ చెప్పింది?"

పాపక్క కూడా, "అవును మునెమ్మా, అన్నమైతే పేగుల్లో పట్టుకుంటాది. సంగటి ఏం చేస్తాది?" అంది, పెద్ద డాక్టరులాగా. నవ్వాల్సిన పని లేదు. ఆ పల్లెల్లో అన్నమంటే బియ్యంతో వండింది, అంతే. రోజూ తినేది రాగిసంగటి, దాన్ని ఎవరూ అన్నమనరు. నర్సుకు అన్నమంటే తిండి. ఇద్దరూ తెలుగే మాట్లాడారు, ఇద్దరిదీ తప్పు కాదు. మునెమ్మ ముద్ద తిని, ప్రాణం లేచొచ్చి, ఆసుపత్రికి నడిచింది.

స్కాన్ గదిలో వెనక నుంచి సన్నటి రబ్బరు గొట్టం పెట్టి పేగులోకి గాలి ఎక్కించారు. కడుపు ఉబ్బరించి పగిలిపోతుందేమో అనిపించింది. చూలు కట్టడానికి సూది వేయించేటప్పుడు తన ఆవులు ఎంత సిగ్గు పడకుండా నిలబడతాయో తలుచుకుని పళ్ళు బిగబట్టింది. ముందు వెల్లకిలా పడుకోబెట్టారు, తర్వాత బోర్లా. "ఊపిరి బిగబట్టండి" అని అద్దం అవతల నుంచి ఎవరో చెప్పినప్పుడల్లా బిగబట్టింది. అన్న ముఖమే కళ్ళలో మెదిలింది.

తర్వాత డాక్టరు బయటికి వచ్చాడు. చిరాకుగా ఉన్నాడు.

"అన్నం తిన్నావా?"

"లేదు సార్. మా బిడ్డల మీద ఒట్టు."

"మరి ఇంత మలం ఎట్లా ఉందమ్మా?"

"పొద్దున సంగటి తినింది సార్, ఒక ముద్ద" అన్నాడు లక్ష్మీపతి.

"పొద్దున తిన్నది ఇంకా పైనే ఉంటుంది. అది కాక పేగు కూడా సరిగా శుభ్రం కాలేదు. మందు ఇంకా ఎక్కువ తాగాలి, తిండి ముట్టకూడదు" అన్నాడు డాక్టరు. మళ్ళీ కొంచెం మెత్తబడి వివరించాడు. వెల్లకిలా ఉన్నప్పుడు ఒకచోట కనిపించినవి బోర్లా తిరిగేసరికి ఇంకోచోటికి జారాయి. జారేది మలం. ఒక్కటి మాత్రం జారలేదు. అది పేగుకు అంటుకున్న మలమూ కావచ్చు, గడ్డా కావచ్చు. ఇంత మురికిలో తేల్చలేం. ఇంకోసారి తీయాలి, వారం ఆగి రమ్మన్నాడు.

ఆ ఎదురుచూపు రోజులే ఆమెకు నరకం. ఇంటికొచ్చినవాళ్ళు ఆమె వాకిట్లోకి రాగానే మాట మార్చేవాళ్ళు. లక్ష్మీపతి ఆమెను పని ముట్టనివ్వకుండా తానే పాలు పితుకుతూ, రాని నవ్వు తెచ్చుకునేవాడు. మారప్ప మంచం చుట్టూ తాము తిరిగింది కూడా ఇట్లాగేనని మునెమ్మకు అర్థమైంది. అన్న ఎంత ఒంటరిగా పోయాడో అప్పుడు తెలిసొచ్చింది.

రెండోసారి అడిగి అడిగి చెప్పించుకున్నారు. సంగటి వద్దు, అంబలి వద్దు, మజ్జిగ వద్దు. తాను పెట్టించిన ముద్దకు శిక్షగా లక్ష్మీపతి కూడా పస్తు పడుకుంటే, "ఇద్దర్నీ నేను మొయ్యాల్నా?" అని పాపక్క తిట్టింది. మళ్ళీ గొట్టం, గాలి, వెల్లకిలా, బోర్లా.

ఈసారి డాక్టరు తలుపు కాస్త తెరిచి, లక్ష్మీపతిని మాత్రం చూసి, "మీరొకసారి లోపలికి రండి" అన్నాడు.

మునెమ్మ లేచింది. లక్ష్మీపతి భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టబోయాడు. "నువ్వు ఈడే ఉండు, నేను కనుక్కోనొస్తా." ఆమె ఆ చేయి తీసేసి, మొగుడికంటే ముందే లోపలికి పోయింది.

"సార్, ఆ రోజు కదలనిది ఒకటుండాదంటిరి. అది ఇప్పుడు కదిలిందా?"

డాక్టరు లక్ష్మీపతి వైపు చూశాడు.

"ఆయప్పను సూడొద్దు సార్. కడుపు నాది."

డాక్టరు కుర్చీ ఆమె వైపు జరిపాడు. "కదల్లేదమ్మా. గడ్డే. కోసి తీసేయాలి."

"తీసేస్తే బతుకుతానా?"

"బతికినవాళ్ళు చాలామంది ఉన్నారు. నీ సంగతి కోసి, ముక్క పరీక్షకు పంపితేగానీ చెప్పలేను."

"అంతే సాలు సార్" అంది మునెమ్మ. "తెలిసింది చెప్తిరి, తెలియంది తెలియదంటిరి."

అప్పుడు ఏడ్చింది. మొగుడి చేయి పట్టుకుని, ఎవరైనా చూస్తారన్న సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చింది.