నెమ్మదిగా నడవలేని కారు

నరసింగరావు గెడ్డం నెరిసేదాకా ఆర్టీసీ బస్సు నడిపాడు. పాతపట్నం, పాలకొండ, రాజాం, ఏ రూటు వేసినా ఆయనది ఒకటే తీరు. సీట్లో కూర్చున్న మనిషి చేతిలో టీ గ్లాసు ఉన్నా చుక్క ఒలకదని కండక్టర్లు చెప్పుకునేవారు. కానీ ఒక్కసారైనా వేగంగా పోయే బండి తోలాలని ఆయన మనసులో ఉండేది. బస్సుని ఎంత తొక్కినా అరవై దాటదు కదా.

రిటైరైన ఏడాదే విశాఖపట్నం వెళ్లి, ఎవరో కుర్రాడు మోజు తీరాక అమ్మేసిన పాత స్పోర్ట్స్ మోడల్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రటిది. నేలకు జానెడు ఎత్తు. డిక్కీ మీద చిన్న రెక్క. సైలెన్సరులోంచి గరగరమనే గొంతు.

అరసవల్లిలో ఇంటి ముందు ఆపగానే భార్య లక్ష్మణమ్మ అందులో ఒకసారి కూర్చుని చూసింది.

"ఏటయ్యా ఇది? మోకాళ్లు గెడ్డానికి తగల్తన్నాయి. లెగాలంటే ఇద్దరు మనుషులు సాయం పట్టాల!"

"స్పోర్ట్స్ కారే. అలాగే ఉంటాది."

"అయితే నువ్వే ఆడుకో."

కారు చూడ్డానికి బాగుంది గానీ వయసు మీద పడింది. ఒకరోజు సెల్ఫ్ అందుకోదు. ఇంకోరోజు ఇంజను పైమూత దగ్గర ఆయిల్ చెమర్చి కాలిన వాసన. స్పీడు బ్రేకరు ఎక్కితే వెనక చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు కిర్రో అంటాయి. షెడ్డు మెకానిక్ కొండబాబు ఏనాడూ విసుక్కోలేదు. "బాబాయ్, ఈ వయసు బళ్లకి ఇయన్నీ మామూలే. ఒకటి సేత్తే ఇంకోటి లెగుత్తాది. ఒక్కోటే సేసుకుందాం," అనేవాడు. నరసింగరావుకి కూడా తొందరేం లేదు. ఆదివారం పొద్దున్నే హైవే మీద ఒక్క పరుగు తీయించి, మొహమంతా నవ్వుతో ఇంటికొచ్చేవాడు.

మే నెలలో రేడియేటర్ ఫ్యాను మోటారు కాలిపోయింది.

"పరిగెడితే ఎదురుగాలికి ఇంజను సల్లబడిపోతాది," అన్నాడు కొండబాబు. "ఆగితేనే బాధ. నెమ్మదిగా నడిసినా ఏడెక్కిపోతాది. కొత్త మోటారు విశాపట్నం నించి రావాల. అందాకా ఊళ్లో తిప్పకు."

ఆ వారంలోనే మేనల్లుడు ఈశ్వర్ పెళ్లి. అమ్మాయి గౌరిది పాతపట్నం దగ్గర పల్లె. "నీ ఎర్రకారులోనే ఊరేగుతాను మావా," అని కుర్రాడు ఎప్పట్నుంచో చెబుతున్నాడు. నరసింగరావు నోట కాదనే మాట రాలేదు.

ఆ పల్లె దాకా కారు గాలిలా వెళ్లింది. సాయంత్రం విడిది దగ్గర ఊరేగింపు మొదలైంది. ముందు బ్యాండు, దాని వెనక చిందులేసే కుర్రాళ్లు, వాళ్ల వెనక కారు. వెనక సీట్లో కోటు వేసుకుని ఈశ్వర్, ముందు సీట్లో లక్ష్మణమ్మ. రెండు వీధులు తిరగకముందే వేడి చూపించే ముల్లు పైకి లేచింది. నరసింగరావు దిగి, గాలికి అడ్డంగా కట్టిన బంతిపూల దండలు పీకేశాడు. ముల్లు దిగలేదు. ఇంజను వేడిని కొంతైనా బయటికి లాగుతుందని హీటరు పూర్తిగా తిప్పాడు.

మే నెల ఉక్కకి తోడు హీటరు! ఈశ్వర్ మొహాన పౌడరంతా చారికలు కట్టింది.

"మావా, ఏసీ అన్నావు కదా? ఇదేటి పొయ్యిలా ఉన్నాది!"

"ఓర్సుకోరా నాయినా."

ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. ఇక నరసింగరావు ఆగలేదు. బ్యాండువాళ్లని పక్కకి తప్పుకోమని హారన్ కొట్టి, పెళ్లికొడుకుతో సహా కారుని ఊరి బయటికి ఉరికించాడు. రెండువైపులా పొలాలు, ఖాళీ రోడ్డు. అద్దాలు దించగానే చల్లటి గాలి లోపలికి దూసుకొచ్చింది. ముల్లు మెల్లగా దిగింది. పొద్దున్నుంచి బిగుసుకుపోయి ఉన్న ఈశ్వర్ తల బయటపెట్టి గట్టిగా నవ్వాడు.

"ఇంకాస్త తొక్కు మావా!"

ఊళ్లో మాత్రం గగ్గోలు పుట్టింది. పెళ్లికొడుకు పారిపోయాడని ఎవరో అరిచారు. గౌరి అన్న భాస్కర్ మోటార్ సైకిలు మీద తరుముకొచ్చి కారుకి అడ్డం పెట్టాడు. అతని కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"బావా, మా వల్ల ఏటి తప్పు జరిగినాది? ఇంత అవమానం సేత్తావా?"

ఎవరూ నోరు విప్పకముందే లక్ష్మణమ్మ తలుపు పట్టుకుని, ఆయాసపడుతూ, ఎవరి సాయమూ లేకుండా కిందికి దిగింది.

"ఒరే బాబూ, పారిపోయేవోడు పక్కన అత్తని కూకోబెట్టుకుని ఎల్తాడేటి? మా బండికి ఫ్యాను పోనాది. గాలి కోసం వచ్చినాం. అంతే!"

భాస్కర్ ఆమె మొహం చూశాడు, చెమటలో తడిసి ముద్దైన బావని చూశాడు. పకపకా నవ్వేశాడు. "మరిప్పుడెలాగ పిన్నీ? బ్యాండు పరిగెట్టనేదు, బండి నడవనేదు."

"ఇంజను ఆపీసి తోయండి. కుర్రోళ్లు బోల్డుమంది ఉన్నారు," అంది లక్ష్మణమ్మ.

ఊరి మొదట్లో ఇంజను ఆపారు. రెండువైపుల కుర్రాళ్లూ కలిసి వెనక చేతులేశారు. ఇంజను లేకపోతే స్టీరింగు బండలా ఉంటుంది గానీ, పాత బస్సులు తిప్పిన చేతులకి అదో లెక్క కాదు. బ్యాండు మోగుతుంటే ఎర్రకారు చప్పుడు లేకుండా పెళ్లిపందిరి దాకా సాగింది. గుమ్మంలో ఆడవాళ్లు హారతి పట్టుకుని నవ్వాపుకోలేకపోతున్నారు. గౌరి కూడా నవ్విందని తరవాత భాస్కర్ చెప్పాడు.

ఫ్యాను మోటారు వచ్చింది, బిగించారు. ఈ మధ్య మూడో గేరు పడేటప్పుడు కరకరలాడుతోందని కొండబాబు గేర్‌బాక్సు దింపాడు. కారు షెడ్డులో ఉండిపోయింది. సాయంత్రమైతే మొగుడూ పెళ్లాలిద్దరూ ఆసుపత్రిలో చుట్టాన్ని చూడ్డానికి వెళ్లినట్టు నడుచుకుంటూ వెళ్తారు. లక్ష్మణమ్మ కొండబాబుకి ఫ్లాస్కులో టీ పోసుకెళుతుంది.

"ఎలాగున్నాదిరా?" అని ముందు ఆవిడే అడుగుతుంది.

"పళ్లు అరిగిపోనాయి పిన్నీ. మారుత్తన్నాను."

"నిదానంగా సెయ్యి. తొందరేటి లేదు," అంటూ టీ వొంపుతుంది. నరసింగరావు అప్పటికే కారు కింద తల దూర్చేసి ఉంటాడు.